గోడకు ఎన్ని చీరలు

పెడనలో కలంకారీ అద్దకం చేసే భావనారాయణ శుక్రవారం పొద్దున్నే కాఫీ తాగి, మేడమీద గదికి రంగు వేయాలని తీర్మానించాడు. పక్కనే ఉన్న గూడూరులో కొత్తగా టీచరుగా చేరిన ప్రీతి అనే అమ్మాయి ఆదివారం వచ్చి గది చూస్తానంది. ఆ అద్దె తన చేతికే ఇస్తానని మొగుడు మాటిచ్చాడు గనక, వీరలక్ష్మి ప్రాణమంతా ఆ గది మీదే ఉంది. ఎవర్నీ అడగకుండా ఖర్చుపెట్టుకునే డబ్బు, పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ చేతిలో పడింది లేదు.

"ఎంత రంగు పడుతుందో ఎవరైనా పెయింటర్ని అడగండి," అంది.

"రంగు గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు భావనారాయణ. టేపు కూడా తీయలేదు మహానుభావుడు. గోడ ముందు చేతులు బారచాపి, "ఈ గోడ రెండు చీరలు. నాలుగూ కలిపి ఎనిమిది. గుడ్డే అంత రంగు తాగితే, ఇటుక గోడ ఇంకెంత తాగుతుంది?" అని తేల్చేశాడు. ఆ గోడలకు పోయినేడే లప్పం పెట్టించి నున్నగా చేయించిన సంగతి ఆయన మేధస్సుకు అడ్డు రాలేదు.

బందరు షాపులో రెండు పెద్ద బక్కెట్లు అడిగితే షాపాయన తలెత్తి చూశాడు.

"కల్యాణమంటపానికాండీ?"

"ఒక్క గదికండీ."

"మిషన్లో కలిపిన రంగు వాపసు తీసుకోమండి మరి."

"మిగిలితే కదా!" అని నవ్వి, భావనారాయణ పిస్తా రంగు బక్కెట్లు ఆటో ఎక్కించాడు.

సాయంత్రానికి గదికి రెండు కోట్లు పడ్డాయి. మొదటి బక్కెట్టు సగం కూడా ఖాళీ కాలేదు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకున్నాడేమో, మూడో కోటు వేశాడు. శనివారం పొద్దున నాలుగోదీ వేశాడు. ఆ ఊపులో కిటికీలకు కూడా పూయడంతో అవి అతుక్కుపోయి తెరుచుకోలేదు. ఆ తర్వాత మెట్లు, బాత్‌రూమ్, పిట్టగోడ, పాత బీరువా పిస్తా రంగులోకి మారాయి.

"కదలకుండా నిలబడితే నాకూ పూసేట్టున్నారు," అని వీరలక్ష్మి చీదరించుకుంది. రెండో బక్కెట్టు మూత ఇంకా తీయనే లేదు.

పక్కింటి నాగేంద్రబాబు గోడ మీంచి తొంగిచూశాడు. "ఏం పనితనం బావా! మాకూ మేడమీద ఓ గది ఉంది గానీ, కొబ్బరికాయలు పోసుకునే గదికి రంగెందుకులే."

పొగిడితే భావనారాయణ ఇల్లు కూడా రాసిచ్చే రకం. "ముందు మన కిటికీలు తెరిపించండి, రేపు ఆ అమ్మాయి వస్తోంది," అని వీరలక్ష్మి మొత్తుకుంటున్నా వినకుండా బక్కెట్టూ రోలరూ పట్టుకుని పక్కింటికి పరిగెత్తాడు. ఆ గదికి శుభ్రంగా రెండు కోట్లు వేసి, మిగిలింది వాళ్ల ప్రహరీకి పూసి, ఖాళీ బక్కెట్టుతో విజేతలా తిరిగొచ్చాడు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రీతి వచ్చింది. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేయంతా పిస్తా రంగైంది. "ఈ వాసనకి తల తిరుగుతోందండీ," అంటూ బయటికొచ్చి నిలబడింది. ఎదురుగా నాగేంద్రబాబు గది తలుపులన్నీ తెరుచుకుని, చక్కగా ఆరి కళకళలాడుతోంది. కొబ్బరికాయలు ఎప్పుడో కిందికి దిగిపోయాయి.

"అది కూడా అద్దెకేనాండీ?"

"అద్దెకేనమ్మా, రా!" అని నాగేంద్రబాబు అటునుంచే కేకేశాడు.

కాసేపటికి ప్రీతి అక్కడే అడ్వాన్సు ఇచ్చి వెళ్లిపోయింది. వీరలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. భావనారాయణ మాత్రం రెండు బక్కెట్లూ ఆవిడ ముందు బోర్లించి చూపించాడు.

"చూశావా నా అంచనా? ఒక్క చుక్క మిగల్లేదు!"

నిజమే. మిగిలింది గది ఒక్కటే.