నాలుగంగుళాల సమానం

ముందుగాల్నే ఒక మాట ఒప్పుకుంటున్న. అందమైన గ్రాఫ్ కనబడితే పక్కన అంకెలు నేను గూడ సూడను. రంగు మంచిగుందా, గీత ముద్దుగుందా, అంతే. కంప్యూటర్ డిప్లొమా సదివిన నేనే గిట్లుంటే, దసరాకు కంప్యూటర్‌కు కుంకుమబొట్టు పెట్టుడు తప్ప దాన్ని ఇంకోపారి ముట్టని మా సార్లను అనుడు పాపం. అయినా అంటా.

1997ల సూర్యాపేటల జలరేఖా విభాగం అని ఒక ఆఫీసు వెలసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కున తలా ఒక ఊరు పట్టుకొని, ఆ ఊరి బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదో ఏడాది పొడుగు కొలిచి, ఊరికొక గ్రాఫ్ గీసుడు మా పని. గీత ఎంత పైకి పోతే నీళ్లు గంత సెడ్డయన్నట్టు. ఎవరి గీత అందరికన్న పైన ఉంటే గాళ్లకు సర్కారు నీళ్ల ఫిల్టర్ మిషన్ ఇస్తది. మూడూళ్లకు ఒక్కటే మిషన్.

మిర్యాలగూడ దిక్కు మా వంతుకొచ్చింది మాడుగులపల్లి అవతల ఒక తండ. గాడ పోరగాండ్లు నవ్వితే పండ్లు ఇటుక రంగుల ఉంటయ్. అందుకే ఎక్కువ నవ్వరు. గా తండ పెద్దమనిషి రూప్లా తాతకు మోకాళ్లు వంగయ్. బస్సెక్కాల్నంటే పైకెల్లి కండక్టర్ గుంజాలె, కిందికెల్లి కొడుకు నూకాలె. అట్లనే వచ్చి మా ఆఫీస్ బెంచీ మీద కాళ్లు బార్లా సాపుకొని అడుగుతుండె: "బిడ్డా, మా గీత అయ్యిందా?"

"అయితున్నది తాతా. రంగుల కాడ ఆగింది."

నిజంగనే రంగుల కాడ ఆగింది. ముగ్గురు సార్లు మూడు ఫ్లాపీలు పంపిన్రు. సూర్యాపేట మంగయ్య సారు నీలం గీత కొట్టి, కింద పెండ్లిపత్రిక అక్షరాలు పెట్టిండు. కోదాడ మత్తయ్య గారు ఎర్రగీతకు సుట్టూ పట్టుచీర అంచంత బార్డర్ ఏసిన్రు. మిర్యాలగూడ నర్సయ్య సారు ఆకుపచ్చ పెట్టిండు, ఎందుకంటే వరి పచ్చగుంటది. సాఫ్ట్‌వేర్ గూడ తన వంతు పుణ్యం కట్టుకున్నది. ఎవ్వలు ఏం చెప్పకపోతే అది ప్రతి గీతను డబ్బా నిండ సాగదీస్తది. లీటర్‌కు ఒక మిల్లీగ్రామున్న సూర్యాపేట గీత నెత్తి దాక పోయింది, తొమ్మిదున్న తండ గీత గూడ నెత్తి దాకనే పోయింది.

గంతల హైదరాబాద్ నుంచి పెద్దసారు హుకుం దిగింది. "రేఖాచిత్రములన్నియు ఏకరూపముగా నుండవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును." ఎంటనే ఏకరూపతా సంఘం ఏర్పడింది. నీలమా, ఆకుపచ్చనా అని మూడు మీటింగులు నడిచినయ్. సమోసాల విషయంల మాత్రం మొదటి మీటింగుల్నే ఏకాభిప్రాయం వచ్చింది.

ఆఖరుకు నేనే కూసొని మూడింటికి ఒకటే రంగు, ఒకటే ఫాంటు పెట్టి, పక్కన సున్న నుంచి పది దాక ఒకటే అంకెలు పెట్టిన. అప్పుడు అసలు సంగతి బయటపడ్డది. సూర్యాపేట గీత వానపాము లెక్క నేల పట్టుకొని పాకింది. కోదాడది రెండు కాడ తల ఎత్తింది. తండ గీత పైకప్పు కింద నిలవడ్డది.

సంఘం పరేషానయింది.

"ఏందే ఆండాళూ, మా పేట గీత నేలకు పాకుతున్నది?" అన్నడు మంగయ్య సారు. "హైవే మీదున్న ఊరు! ఒక తండ ముంగట పరువు తీస్తవా?"

"మాది మరీ పొట్టిగా ఉంటే మేం పని చెయ్యలేదనుకోరూ? కాస్త లేపమ్మా," అన్నరు మత్తయ్య గారు.

"నాది జర దించు. పెద్దసారు సూసిండంటే నన్నే అడుగుతడు, నీళ్లు గింత కరాబయ్యేదాక ఏం జేసినవని," అన్నడు నర్సయ్య సారు.

"గట్ల లేపుడు, దించుడు కుదరదు సార్. మూడింటికి స్కేలు ఒకటే ఉండాలె," అన్న.

గా ముక్క అనకపోతే బాగుండు. మంగయ్య సారు మొకం వెలిగిపోయింది. సొరుగు గుంజి చెక్కస్కేలు తీసి టేబుల్ మీద కొట్టిండు. "గది మాటంటే! ఆఫీసుకు ఉన్నదే ఒక్క స్కేలు. దీంతోనే కొలుద్దాం!"

"హమ్మయ్య, జీతాల స్కేలేమో అనుకుని కంగారుపడ్డానండీ," అన్నరు మత్తయ్య గారు.

"గా స్కేలు కాదు సార్, అంకెల స్కేలు..."

"దీని మీద ఉన్నయి అంకెలే గదనే! సదువుకున్నదానివి."

కొలిసిన్రు. పేట అరంగుళం, కోదాడ అంగుళం, తండ నాలుగున్నర. గీతలన్నీ సరిగ్గ నాలుగంగుళాలు ఉండాల్నని తీర్మానం చేసిన్రు. సాఫ్ట్‌వేర్‌ల గది ఎంత పని! సాగదీసిన, నొక్కిన. సంఘం మురిసిపోయింది. కని మంగయ్య సారు కన్ను డేగకన్ను. "అన్నీ ఒకతీరున్నయ్, పక్కన అంకెలే మూడు తీర్లున్నయ్. ఏకరూపం ఖరాబైతున్నది. తీసెయ్."

"అంకెలు తీస్తే తండకు మిషన్ ఎట్లొస్తది సార్?"

"గ్రాఫ్ పని గ్రాఫ్‌ది, మిషన్ పని మిషన్‌ది. నువ్వింక పర్మనెంట్ కాలే, యాదున్నదా?"

యాదున్నది. తీసేసిన.

పెద్దసారు వచ్చిండు. మూడు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ ఎలుతురుకు పట్టి సూసి, కండ్లు తుడుసుకున్నడు. "వెంట్రుకవాసి భేదము లేదు! విజ్ఞానశాస్త్రమనగా ఇదియే! మూడు గ్రామముల ప్రజలును సమానముగా బాధపడుచున్నారని నిరూపితమైనది. ఒకరికి యంత్రమిచ్చి ఇరువురికి అన్యాయము చేయజాలము. కావున మూడింటికిని సమానదూరములో నున్న ఈ కార్యాలయమునందే యంత్రమును ప్రతిష్ఠించుచున్నాను."

సూర్యాపేట ఆఫీసు సూర్యాపేటకు, మిర్యాలగూడకు సమానదూరం ఎట్లయిందో ఎవ్వలు అడగలే. అందరం సప్పట్లు కొట్టినం. ఏకరూప సేవకు నాకు శాలువ కప్పిన్రు. పర్మనెంట్ గూడ చేసిన్రు.

తర్వాత రూప్లా తాత వచ్చిండు. మిషన్ నుంచి గ్లాసెడు నీళ్లు పట్టిచ్చిన. తాగి, మూతి తుడుసుకొని, మనుమరాలికని సంచిలకెల్లి ఖాళీ సీస తీసిండు. మంగయ్య సారు లోపలికెల్లే కేకేసిండు: "బయటికి ఇయ్యరాదు! కడమ రెండూళ్లకు అన్యాయమైతది!"

తాత సీస మళ్ల సంచిల పెట్టుకొని గోడకు తగిలిచ్చిన గ్రాఫుల దిక్కు సూసిండు. "మాదేది బిడ్డా?"

సూపెట్టిన. వేలుతోని తండ గీత ముట్టి, పక్కనున్న పేట గీత ముట్టిండు.

"తండను పేటతోని సమానం జేసిన్రు," అన్నడు. "మా తాత ముత్తాతలు సూడని ముచ్చట."

అని లేవబోయిండు. మోకాళ్లకు గా సంగతి ఇంక తెల్వదు. నేను ఒక రెక్క పట్టుకొని లేపిన. శాలువ అడ్డమొస్తే తీసి కుర్చీ మీద పెట్టిన.

మీ ఊర్ల గూడ మిమ్ముల ఎవరో ఒకరు ఎవరితోనో సమానం జేసే ఉంటరు. గా ముచ్చట నాకు రాసి పంపుండ్రి, అన్నీ సదువుత. మీ బాధ ఎంత పెద్దదైనా పర్వలేదు. నాలుగంగుళాలు మాత్రం దాటనియ్యకుండ్రి.