కృష్ణబిలానికి ముడి

చేనేతకు పట్టిన పీడ విరగడైంది! ఆ పీడ పేరు నేతగాడు.

నమ్మరా? పంజాగుట్టలో కొత్తగా తెరిచిన గ్యాలరీకి వెళ్లి చూడండి. మగ్గం మీద రోబో నేస్తోంది. టెలిస్కోప్ పంపిన నక్షత్రాల డేటా చూసుకుని, వెలుగుకో రంగు నూలు చొప్పున ఆకాశాన్ని చీరలోకి దించుతోంది. దాని చేతులు సనత్‌నగర్ షెడ్డులో బిగించారు. బుర్ర అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఎక్కించారు. ఇంకేం కావాలి?

మనిషితో ఎన్ని తంటాలు! ఆకలంటాడు, నడుం నొప్పంటాడు, పండగంటాడు. రోబో నోరెత్తదు. అందుకే దానికి 'ధ్రువ' అని పేరు పెట్టి గోడ మీద ఫొటోతో సహా రాశారు. టెలిస్కోప్ పేరూ రాశారు. ఇదంతా తలపెట్టిన కళాకారుడు వంశీకృష్ణ పేరు సరేసరి. కాఫీ మెషిన్ ఇచ్చిన వాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పారు.

చిన్న ఇబ్బంది ఒక్కటే. పోగు తెగితే ధ్రువకు ముడి వేయడం రాదు. అందుకని నేతకు పేరున్న పుట్టపాక నుంచి వచ్చి బోరబండలో ఉంటున్న నేతగత్తె కాంతవ్వను నల్లతెర వెనక కూర్చోబెట్టారు. జనం అటు తిరగగానే ఆమె చెయ్యి బయటికి చాచి ముడి వేయాలి. రోబో పరువు ముఖ్యం కదా! కాంతవ్వ కోరింది ఒక్కటే, గోడ మీద తన పేరు. మనవరాలు బిందు కాలేజీ స్నేహితురాళ్లను తీసుకొచ్చి చూపిస్తుందట. చూద్దామన్నారు.

ప్రారంభోత్సవం నాడు జనం కళ్లన్నీ మగ్గం మీద ఉండగానే నాలుగు పోగులు ఒకేసారి తెగాయి. ధ్రువ ఆగకుండా నేసుకుంటూ పోయింది. చీర మధ్యలో చిల్లు! జనం గుసగుసలాడేలోగా అది వెలుగునే మింగేసే బ్లాక్ హోల్, కృష్ణబిలమని వంశీకృష్ణ ప్రకటించాడు. చప్పట్లే చప్పట్లు! ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

వాళ్లు సమోసాల వైపు కదలగానే కాంతవ్వ అలవాటుకొద్దీ పోగులు కలిపి చిల్లు మూసేసింది. కృష్ణబిలాన్ని ముడివేసి మూయడం ఏ శాస్త్రవేత్త వల్లనైనా అయిందా? సన్మానం చేయాల్సింది పోయి, కళను పాడుచేశావని వంశీకృష్ణ చీవాట్లు పెట్టాడు.

మర్నాడు బిందు స్నేహితురాళ్లతో వచ్చి గోడంతా వెతికింది. ధ్రువ ఉంది, కాఫీ మెషిన్ ఉంది, అవ్వ లేదు. పిల్ల తలొంచుకుని వెళ్లిపోయింది. కాంతవ్వ తెర పక్కకు తీసి మొదటిసారి బయటికొచ్చింది.

"గా మిషిన్‌కు పేరు పెట్టిండ్రు. చుక్కలకు సుత పెట్టిండ్రు. నాకు మా అమ్మ ఎప్పుడో పెట్టింది సారూ, జర రాస్తే సాలు."

ఆలోచిస్తానన్నాడు వంశీకృష్ణ. తొందరపడకు కాంతవ్వా! లక్షల కోట్ల మైళ్ల అవతలి చుక్కను పట్టిన టెలిస్కోప్ వాళ్ల దగ్గరుంది. దాన్ని ఒకసారి తెర వెనక్కి తిప్పితే నువ్వూ కనపడతావు.