కుడిచేతి పలకరింపు

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీపుకు ఇంజిన్ తగిలించుకుని, తలపైన గుడ్డ రెక్క విప్పుకుని, పారామోటార్‌తో ఇంటిమీదుగా ఒకసారి ఎగిరి, మిద్దె మీది భార్యకు చెయ్యి ఊపి వెనక్కి రావడం. "ఒక్క తేడా వచ్చినా ఇంజిన్ అమ్మేస్తాను" అని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు. ఎగరడం పోతే ఆయనకు జీవితంలో మిగిలేవి ఇతరుల దవడలే.

పాత రెక్క చిరిగింది. బావమరిది తన కొత్తది తెచ్చాడు.

"ఇది చిన్నది, మహా చురుకు. ముందు దీంతో ఇచ్చిన పుస్తకం చదువు బావా. నాలుగు రోజులు నేలమీదే ఆడించి చూడు."

"ఆరేళ్ళుగా ఎగురుతున్నానోయ్!"

"దీంతో కాదుగా! కట్టుడు పన్ను పెట్టించుకున్నవాణ్ణి వారం దాకా గట్టివి కొరకొద్దని నువ్వే అంటావు."

"వాళ్ళు పేషెంట్లు. నేను డాక్టర్ని."

తెలియని వస్తువు దగ్గర మనిషి చూపించే ధైర్యం, తెలిసిన వస్తువు దగ్గర సంపాదించినదే. కొత్త రెక్కకు ఆ సంగతి తెలియదు.

ఇల్లు రాగానే ధీమాగా కుడిచెయ్యి ఊపాడు. ఆ చేతిలో బ్రేకు పిడి ఉంది; దాన్ని కిందికి లాగితే రెక్క ఆ పక్కకే తిరుగుతుంది. పాత రెక్కయితే బద్ధకంగా కాస్త ఒరిగి ఊరుకునేది. ఇది చటుక్కున కుడివైపు తిరిగి ఆయన్ను మళ్ళీ ఇంటిమీదికే తెచ్చింది, ఇంకాస్త కిందుగా. "దిగిపో, లోపలికి పో!" అని భార్యకు అరుస్తూ చెయ్యి కిందికి ఆడించాడు. రెక్క మరో చుట్టు తిరిగింది. ఇంజిన్ హోరులో మాట వినపడలేదు గాని చెయ్యి కనపడింది. "మిమ్మల్నే కాదు వదినా, మమ్మల్నీ రమ్మంటున్నారు!" అంటూ పక్కింటావిడ పిల్లలతో సహా మిద్దెక్కింది. జనం పెరిగేకొద్దీ ఆయన గట్టిగా ఆడించాడు. ఆడించేకొద్దీ తిరిగాడు, తిరిగేకొద్దీ దిగాడు. ఐదో చుట్టులో, ఆరేసిన దుప్పటి బూట్లకు తగిలింది.

ఇక చేసేదేమీ తోచక రెండు చేతులూ పైకెత్తేశాడు. బతిమాలుకోవడానికే ఎత్తాడు. కానీ పిడులు వదులై, రెక్క తిన్నగా సాగింది. ఎదురుగా ఉన్న బడి ఆటస్థలంలో ఇంజిన్ ఆపి, కూలబడ్డాడు.

భార్య పరుగెత్తుకొచ్చింది. వెనకే బావమరిది.

"ఇచ్చిన మాట ప్రకారం ఇంజిన్..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి! పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారైనా నా చుట్టూ తిరిగారా? ఇవాళ అందరి ముందూ ఐదుసార్లు!" ఆమె కళ్ళొత్తుకుంది. "వచ్చే ఆదివారం మా అక్క వస్తోంది. అమ్మకం గిమ్మకం అన్నారంటే ఊరుకోను. ఈ రెక్కతోనే తిరగాలి."

బావమరిది నోరు తెరిచాడు. బావ చూపు చూసి మూసేశాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరు పుస్తకం అడిగి తెప్పించుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.