డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు

పదింటికి డ్రైవింగ్ టెస్టు, పన్నెండుకల్లా చేతికి లైసెన్సు, రెండు కొట్టేలోగా హాస్పిటల్ ఆఫీసులో దాని కాపీ. ఆ రోజు పొద్దున్నే నర్సమ్మ వేసుకున్న లెక్క ఇది. పన్నెండేళ్ళుగా నైట్ డ్యూటీలు చేసీ చేసీ ఆవిడకు సూర్యుడి మొహం కూడా చుట్టపుచూపుగానే తెలుసు. ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసివచ్చే పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. కాకపోతే కారు నడిపే లైసెన్సు ఉండాలన్నారు. ఇవాళ రెండింటిలోగా చూపించకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తరవాతి ఆవిడకు పోతుంది. నర్సమ్మ ఇప్పటికే రెండుసార్లు టెస్టు తప్పింది. మొదటిసారి కోన్లను గుద్దింది. రెండోసారి ఆ కోన్లను చూడగానే కాళ్ళూ చేతులూ ఆడక మధ్యలోనే కారు ఆపేసింది.

వాళ్ళాయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఎవరి చూపులో ఎంత దోషముందో చిటికెలో చెప్పేసే ఆ మనిషికి సొంత కారులో దోషం మాత్రం నాలుగేళ్ళుగా ఒక్కటీ కనపడలేదు. దానికి కారణం పక్కింటి లెక్కల మాస్టారు. ఆయన కూడా అదే వారంలో, అదే కంపెనీ, అదే బూడిదరంగు సెడాన్ కొన్నారు. అప్పట్నుంచీ ప్రహరీగోడకు చెవులే కాదు, నోరు కూడా వచ్చింది. అటునుంచి "మాది లీటరుకు పదిహేడు పాయింట్ నాలుగు" అని వినిపిస్తే, ఇటునుంచి "మాది ఏసీ వేసుకుని పద్దెనిమిది" అని జవాబు వెళ్ళేది. ఆయన పికప్పు అంటే ఈయన బ్రేకు అనేవాడు. డిక్కీలో చోటు మాదే ఎక్కువని కూడా ఒకరోజు వాదించుకున్నారు. ఒకే అచ్చులోంచి ఊడిపడ్డ రెండు డిక్కీల్లో ఒకదానికి చోటెలా పెరుగుతుందో నర్సమ్మకు నేటికీ అంతుపట్టలేదు.

నిజం చెప్పాలంటే కళ్ళజోళ్ళాయన కారు నిండా రోగాలే. డాష్‌బోర్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే తప్ప అది స్టార్టవదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే హారను దానంతటదే మోగుతుంది కాబట్టి, మలుపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దారిన పోయేవాళ్ళకు క్షమించమన్నట్టు ఊపాలి. ఇక రివర్స్ గేరు బతిమాలితేగానీ పడదు. కళ్ళజోళ్ళాయన పళ్ళు బిగించి, తిట్టి వేసేవాడు. నర్సమ్మ మాత్రం వార్డులో సూది వేసేటప్పుడు చెప్పే మాటలే దానికీ చెప్పేది. "కొంచెమే, ఓర్చుకోమ్మా... అదిగో, అయిపోయింది" అనగానే గేరు బుద్ధిగా పడేది. మూడు నెలల పాటు ఇలా నేర్చుకున్నాక, కారు నడపడమంటే ఇదే కాబోలని ఆవిడ చేతులు స్థిరపడిపోయాయి.

టెస్టుకు ముందు ఒకసారి చూడమని కళ్ళజోళ్ళాయన ముందురోజు కారును గుట్టుచప్పుడు కాకుండా మెకానిక్ దగ్గర వదిలాడు. పొద్దున ఏడింటికి మెకానిక్ ఫోను చేశాడు.

"సార్, గేర్‌బాక్సు మొత్తం విప్పేశా. ఎల్లుండి రండి."

"ఎవరు విప్పమన్నారయ్యా? ఒకసారి చూడమన్నాను!"

"విప్పకుండా ఎలా చూస్తాను సార్?"

నర్సమ్మ టిఫిన్ పళ్ళెం పక్కన పెట్టేసింది. "ఏమండీ, మాస్టారి కారు అడగండి."

"ఏమని అడగను? మన బండి ఇంతవరకూ వర్క్‌షాపు గడప తొక్కలేదని మొన్ననే చెప్పాను."

"మీ గొప్పలు మీ దగ్గరే ఉంచుకోండి. నాకిది మూడోసారి. ఇవాళ పోతే నేను మళ్ళీ గుడ్లగూబనే."

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, ఎవరి బండి గొప్పదో మనం నాలుగేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాం. ఇవాళ మా ఆవిడ టెస్టులో మీ బండి నడుపుతుంది. మా బండి ఎలాగూ ఆవిడకు తెలుసు. దిగాక తీర్పు ఆవిడే చెప్తుంది, సరేనా?"

మాస్టారు రెండు నిమిషాల్లో తాళంచెవులతో సహా తయారయ్యారు. గళ్ళ నోటుపుస్తకం కూడా తెచ్చుకున్నారు. అందులో పికప్పు, బ్రేకు, స్టీరింగు అని అప్పటికే గళ్ళు గీసి ఉన్నాయి.

టెస్టు జరిగే మైదానంలో ఆ రోజు మొత్తం ఏడుగురు. నర్సమ్మ మొదటిది, మిగిలిన ఆరుగురూ ఒక డ్రైవింగ్ స్కూలువాళ్ళు. వాళ్ళ గురువు కంచె దగ్గర నిలబడి అందరికీ ధైర్యం చెబుతున్నాడు. "ఇన్‌స్పెక్టరు కొత్తాయన. మూడు రోజులైంది బదిలీ మీద వచ్చి. ఆయన మనసులో ఏముందో కనిపెట్టాలి, అంతే" అంటున్నాడు.

నర్సమ్మ మాస్టారి కారెక్కింది. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు అట్ట, పెన్నూ పట్టుకుని కూర్చున్నాడు. "స్టార్ట్ చెయ్యండి" అన్నాడు. నర్సమ్మ చెయ్యి లేచింది. ఠప్, ఠప్. ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఎదురుగా ఉన్న కోన్లనే చూస్తోంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

కంచె దగ్గర మాస్టారు నోటుపుస్తకం దించారు. "ఏమిటండీ అది? నా కారునెందుకు కొట్టింది మీ ఆవిడ?"

కళ్ళజోళ్ళాయన పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. "అదా? అదే ఇప్పటి పద్ధతి మాస్టారూ."

"ఏ పద్ధతి?"

"కొత్తది."

ఆ మాట డ్రైవింగ్ స్కూలు గురువు చెవిన పడింది. ఆయన మెల్లగా రెండడుగులు ఇటు జరిగాడు. ఈలోగా కారు మలుపు తిరిగింది. కిటికీలోంచి నర్సమ్మ చెయ్యి బయటికొచ్చి కంచె దగ్గరున్నవాళ్ళందరికీ ఊగింది. మర్యాద తెలిసిన మాస్టారు తిరిగి చెయ్యి ఊపారు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ రాసుకున్నాడు.

"ఇది కూడా కొత్తదేనా?" అని గురువు గుసగుసగా అడిగాడు.

ఒక అబద్ధం ఆడాక రెండోదానికి వెనకాడితే మొదటిది కూడా చెడుతుంది. కళ్ళజోళ్ళాయన తల ఊపాడు. గురువు చేతుల్లోకి కాగితం వచ్చింది. రివర్స్ పార్కింగు దగ్గర కారు ఆగింది. కిటికీ తెరిచే ఉండటంతో ఆవిడ మాటలు కంచె దాకా వినిపించాయి. "కొంచెమే, ఓర్చుకోమ్మా... అదిగో, అయిపోయింది." కారు ఒక్క కోన్‌కూ తగలకుండా వెనక్కి వెళ్ళి గీతల మధ్య నిలిచింది. ఇన్‌స్పెక్టరు ఈసారి రాసుకుని, గేరు వంక కూడా చూశాడు. తనతో అన్నదేమోనని ఆయనకు అనుమానం వచ్చింది.

నర్సమ్మ దిగి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమండీ, అన్నీ చేసేశాను. కొట్టాను, ఊపాను, మాట్లాడాను. చెయ్యకూడదని తెలుస్తూనే ఉంది, చేతులు ఆగలేదు. ఆయన మూడుసార్లు రాసుకున్నాడు" అంది. ఫలితాలు అందరి టెస్టులూ అయ్యాకే చెబుతారట. ఆవిడ కంచె పక్కన బెంచీ మీద కూలబడింది.

గురువు మాత్రం వాళ్ళవాళ్ళను చుట్టూ చేర్చుకున్నాడు. "ఆవిడ చేసినప్పుడల్లా ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు, చూశారా? అవన్నీ మార్కులే. రెండు దెబ్బలు, చెయ్యి ఊపడం, గేరుతో మాట. ఒక్కటి మరిచిపోయినా నన్ననకండి."

మొదటి మనిషి వినయంగా రెండు దెబ్బలు వేశాడు. రెండో మనిషి ఎక్కువైతే నష్టమేముందని ఆరు వేశాడు. మూడోవాడు బేకరీలో పిండి పిసికే ఉద్యోగి. అతను వేసిన ఒక్క దెబ్బకే డ్రైవింగ్ స్కూలు కారు ముందు అర ఫట్టుమని తెరుచుకుని, అందులోని టార్చిలైటూ, పాత రసీదులూ, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టూ ఇన్‌స్పెక్టరు ఒళ్ళో పడ్డాయి. నాలుగో అమ్మాయి భక్తిగా రెండు చేతులూ ఊపడంతో స్టీరింగును పట్టుకునే నాథుడు లేక మూడు కోన్లు నేలకొరిగాయి. అయిదో ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఆయన రివర్స్ గేరు మీద చెయ్యి వేసి, యోగక్షేమాలతో మొదలుపెట్టి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగే దాకా వెళ్ళాడు. ఆరో మనిషి వంతు వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు కారు దిగి, చెమట తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

లోపల బీరువాలు తెరిచి మూసిన చప్పుళ్ళు చాలాసేపు వినిపించాయి. పన్నెండు దాటింది. నర్సమ్మ గడియారం చూసుకోవడం మానేసింది. చివరికి తలుపు తెరుచుకుంది.

"మొదట నడిపినావిడ ఒకసారి లోపలికి రండి."

నర్సమ్మ వెళ్ళింది. వెనకే వాళ్ళాయనా, మాస్టారూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. బల్ల మీద ఫైళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి అడిగాడు. "ఈ పద్ధతి మీకెవరు చెప్పారమ్మా?"

"మా ఆయనండి."

"ఆయన ఏ ఆఫీసులో చేస్తారు?"

"కళ్ళజోళ్ళ షాపండి."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "సర్క్యులర్ నంబరు ఏమైనా తెలుసా? తేదీ అయినా ఫరవాలేదు. అందరూ చేస్తున్నారు, నాకే అందలేదు."

నర్సమ్మకు అప్పుడు అర్థమైంది. ఏదో ఒక నంబరు చెప్పేస్తే చాలు, లైసెన్సు చేతిలో పడుతుంది. గుమ్మంలోంచి వాళ్ళాయన కూడా కళ్ళతో అదే బతిమాలుతున్నాడు. కానీ పన్నెండేళ్ళలో ఏనాడూ రోగి జ్వరం నూట రెండుంటే నూట ఒకటని రాయని మనిషి ఆవిడ. "సర్క్యులరూ లేదు, ఏమీ లేదండీ. మా కారు కొడితేగానీ కదలదు. తిప్పితే దానంతటదే మోగుతుంది. బతిమాలితేగానీ వెనక్కి వెళ్ళదు. అది వర్క్‌షాపులో ఉంది, నాలుగేళ్ళలో తొమ్మిదోసారి. ఇది మాస్టారి కారు. అలవాటు కొద్దీ దీన్నీ కొట్టాను. క్షమించండి మాస్టారూ."

కళ్ళజోళ్ళాయన గుమ్మం అంచును పరీక్షించడం మొదలుపెట్టాడు.

"అంటే... సర్క్యులర్ లేదా?"

"లేదండీ."

"నిజంగా లేదా?"

"నిజంగానండీ."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, బల్ల మీది నీళ్ళ సీసా ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగాడు. మొహం తేటపడింది. "బతికించారమ్మా! వచ్చి మూడు రోజులు కాలేదు, అప్పుడే సర్క్యులర్ పోగొట్టుకున్నానని పై ఆఫీసుకు ఏం సంజాయిషీ రాయాలా అని ఇందాకట్నుంచి చస్తున్నాను." ఆవిడ కాగితం తీసి ఇటు తిప్పాడు. తప్పుల గడి ఖాళీగా ఉంది. పక్కన మార్జిన్లో మూడుచోట్ల 'ఇదేమిటి?' అని మాత్రం రాసి ఉంది. "మీరు ఒక్క గీత దాటలేదు, ఒక్క కోన్ తాకలేదు. డాష్‌బోర్డును కొట్టకూడదని రూల్సులో లేదు. గేరుతో మర్యాదగా మాట్లాడితే మార్కులు తగ్గించే అధికారం నాకూ లేదు. పాసయ్యారు."

నర్సమ్మకు ఒకేసారి నవ్వూ, ఏడుపూ వచ్చాయి. రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేక అక్కడే బల్ల పట్టుకుని నిలబడిపోయింది. బయట ఆరుగురికీ మళ్ళీ టెస్టు పెడతానని ఇన్‌స్పెక్టరు చెప్పగానే, గురువు మొదటిసారిగా గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. "చెప్పానా? ఆయన మనసు మంచిదని!" అన్నాడు.

లైసెన్సు చేతికొచ్చేసరికి పన్నెండున్నర. ముగ్గురూ కారెక్కారు. కళ్ళజోళ్ళాయన వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. తొమ్మిదిసార్లన్న అంకె మాస్టారి నోటుపుస్తకంలోకి ఎక్కి, ఇక జీవితాంతం గోడ మీదుగా వినిపిస్తుందని ఆయన భయం. నర్సమ్మ తాళం తిప్పింది. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పింది. లేదు.

వెనక సీట్లోంచి ఆశగా ఒక గొంతు వినిపించింది. "కొట్టు, కొట్టు."

ఠప్, ఠప్. కారు ఉలకలేదు, పలకలేదు.

మాస్టారు నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. "దెబ్బలకు లొంగేది కాదమ్మా ఇది" అని కిటికీలోంచి దూరంగా చూస్తూ అన్నారు. "ఎండలో రెండు గంటలు నిలబెడితే అలుగుతుంది. సాయంత్రం చల్లబడితేగానీ కదలదు. నేను దుప్పటి కప్పి ఉంచేది దుమ్ముకు కాదు. వర్క్‌షాపుకు పదకొండుసార్లు తీసుకెళ్ళాను, ఇంట్లోవాళ్ళకు లైబ్రరీ అని చెప్పి."

"పదకొండా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన. నాలుగేళ్ళలో మాస్టారి అంకె ఒకటి ఆయనకింత ఆనందం కలిగించడం ఇదే మొదలు. "మాస్టారూ, మీ వైపర్లు కూడా వాన వెలిశాకే ఆడతాయా?"

"వెలిశాక కాదు, మర్నాడు" అన్నారు మాస్టారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఒకే రోగమున్న ఇద్దరు పక్క మంచాల మీద కలుసుకున్నప్పుడు ఎంత హాయిగా మాట్లాడుకుంటారో నర్సమ్మ వార్డులో ఎన్నోసార్లు చూసింది. వాళ్ళిద్దర్నీ అలాగే మాట్లాడుకోనిస్తూ మైదానం గేటు దాటించి స్టాపు దాకా నడిపించింది.

అలా, ఆవిడకు కారు నడపడం వచ్చని రుజువు చేసే కాగితం ఒంటిగంటా నలభైకి బస్సు దిగి హాస్పిటల్‌కు చేరింది.