నాలుగంగుళాల ఠీవి

మా వీధిలోని ఒకే ఒక్క ట్రక్కు నిలబడే తీరు ఏడాది క్రితం ఓ ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నుంచి మెరుగుపడిందని మా సంఘం నోటీసుబోర్డు ప్రకటించింది. అంతకు ముందు పదకొండేళ్ళు ఆ ట్రక్కు ఈ ఇంటి బీరువాలూ మంచాలూ ఆ ఇంటికి మోసింది గాని, ఏనాడూ ఠీవిగా నిలబడి ఎరగదు. యజమానిని అందరం ట్రక్కుగారనే పిలుస్తాం. లోపం కనిపెట్టినవాడు మెకానిక్కు.

"చూడండి గురువుగారూ, చక్రాలు లోపలికి ముడుచుకుని, పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్నవాడిలా నిలబడింది. మనకెంత లోకువ!"

చక్రానికీ ఇరుసుకీ మధ్య రెండంగుళాల మందం ఇనుప బిళ్ళలు బిగిస్తే చక్రాలు బయటికి జరుగుతాయి. వాటినే స్పేసర్లంటారు. వాటివల్ల బండికి బలం రాదు, వేగం రాదు, ఒక్క కుర్చీ అదనంగా పట్టదు. రొమ్ము విరుచుకున్నట్టు కనిపిస్తుంది. గృహస్థుకి అంతకన్నా ఏం కావాలి?

స్పేసర్లు బిగించిన ట్రక్కుకి వీధి సంఘం అధ్యక్షుడు రిబ్బను కత్తిరించి ఇలా సెలవిచ్చారు: "పదిహేనేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని నేను తెలుసుకున్నది ఒక్కటే. ముఖ్యమైనది నిలబడటం!" చప్పట్లు మోగాయి.

మర్నాడు వాన కురిసింది. మడ్‌గార్డు దాటి పొడుచుకొచ్చిన చక్రాలు వీధి పొడవునా ఆరేసిన దుప్పట్లన్నిటికీ సమానంగా బురద పంచాయి. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇకపై అందరూ బురదరంగు దుప్పట్లే కొనుక్కోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

అసలు చిక్కు ట్రక్కుగారి ఇంట్లో వచ్చింది. ప్రహరీకీ వంటింటి గోడకీ మధ్య ఉన్న షెడ్డులో ట్రక్కు అటు అంగుళం, ఇటు అంగుళం సందుతో పట్టేది. ఇప్పుడు పట్టలేదు. ప్రహరీ పక్కింటివారిది, ముట్టుకుంటే గొడవ. వంటింటి గోడ మాత్రం సొంతమే.

"నాలుగంగుళాల కోసం గోడ జరుపుతారాండీ ఎవరైనా?" అన్నాడు తాపీమేస్త్రి. "చేయి పెట్టాక అడుగైనా జరపాలి. పనికో మర్యాదుండొద్దూ?"

ఆ మర్యాద ప్రకారమే జరిపాడు. వంటిల్లు వెడల్పు అయిదడుగులు. అందులో వంటగట్టు రెండడుగులు, ఎదుటి అలమర అడుగున్నర. మిగిలిన అడుగున్నరలో ట్రక్కుగారి భార్య ఇరవై రెండేళ్ళుగా పొయ్యికి ఎదురుగా నిలబడి వండుతోంది. గోడ లోపలికి వచ్చాక ఆవిడ వంతుకు అరడుగు దక్కింది.

"ఏమండీ, నేనెక్కడ నిలబడను?" అంది.

"పక్కకి తిరిగి నించో అమ్మాయ్, సరిగ్గా పడతావు," అన్నారు అత్తగారు ఆప్యాయంగా. "ట్రక్కు పక్కకి తిరగలేదు కదా పాపం!"

"అయితే నాకూ ఓ రెండు స్పేసర్లు తెచ్చిపెట్టండి అత్తయ్యా. గోడకీ పొయ్యికీ మధ్య బిగించుకుంటాను."

"దీని నోటికి మాత్రం చోటు తగ్గలేదురా!" అని అత్తగారు కొడుకుతో చెప్పి మురిసిపోయారు.

ఆవిడ పక్కకి తిరిగి, ఒంటిచేత్తో కూర కలుపుతూ, మెడ తిప్పి పాలు పొంగకుండా చూసుకోసాగింది. నెల తిరక్కుండా మెడ పట్టేసింది. డాక్టరు శ్రద్ధగా పరీక్షించి, సరి తేదీల్లో ఎడమకీ, బేసి తేదీల్లో కుడికీ తిరిగి వండమని రాసిచ్చారు. క్యాలెండరు పొయ్యి పైకి మారింది. వైద్యం ఎంత ముందుకు వెళ్ళిందో చూశారా!

ఆరో నెలలో ట్రక్కు చక్రాలు ఊళపెట్టాయి. బేరింగులు అరిగిపోయాయి. ఓ బోల్టు విరిగింది. మెకానిక్కు స్పేసర్లు విప్పేసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పంకించాడు.

"కంపెనీవాడు ఇచ్చిన తీరే తీరు గురువుగారూ. ఏముంది ఠీవి!"

ట్రక్కు పాత వెడల్పుకొచ్చింది. షెడ్డులో దాని పక్కన అడుగు చోటు ఊరికే పడి ఉంది. సాయంత్రం ఆవిడ చేయి తుడుచుకుంటూ వచ్చి, ఆ చోటునే చూస్తూ అడిగింది.

"ఏమండీ, గోడ వెనక్కి జరిపిద్దామా?"

ట్రక్కుగారు నిజంగానే తెల్లబోయారు. "గోడేమన్నా చక్రమటే, విప్పి బిగించడానికి?"

"ఇంకేం, అలవాటైపోయిందిగా," అన్నారు అత్తగారు.

షెడ్డులో మిగిలిన అడుగులో విప్పిన స్పేసర్లకు అరలు కట్టించారు. అక్కడవి హాయిగా, వెల్లకిలా ఉన్నాయి. ఇంటికి తగ్గట్టు ఒదిగిన ఇల్లాలిగా ఆవిడకు సంఘం శాలువా కప్పింది. వేదికమీద కూడా అలవాటుగా పక్కకే తిరిగి నిలబడితే, ఎంత అణకువ అని అధ్యక్షుడు కళ్ళొత్తుకున్నారు. ఇప్పుడు మా వీధికి సంబంధాలు చూడవచ్చేవారు పిల్ల చదువు అడగటం లేదు. "పక్కకి తిరిగి నిలబడుతుందా?" అని అడుగుతున్నారు.

ఇంత విచిత్రం ఎక్కడా లేదని నవ్వుకుంటున్నారు కదూ. చూడాలనిపిస్తే మా వీధి దాకా రానక్కరలేదు. మీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళిరండి. లోపలికి మాత్రం వెళ్ళకండి, ఇద్దరు పట్టరు.