స్నాప్‌డ్రాగన్‌కు మంచి పొరుగు

ఇంట్లో స్నాప్‌డ్రాగన్ పూలమొక్క పెంచాలనుకుంటున్నారా? విత్తనాలూ, కుండీలూ తర్వాత. ముందు తెల్లవారుజామునే పూలు కోసుకుపోయే పొరుగువారిని సంపాదించండి!

నవ్వకండి. మణుగూరు బొగ్గుగనుల కాలనీలో పుష్పలతను అడగండి. దసరా వెళ్ళగానే, ఆవగింజలో సగం కూడా లేని విత్తనాలను ఆమె కుండీల్లో చల్లింది. వెలుతురు తగలాలని పైన మట్టి కప్పలేదు. మొలిచాక ఆకుల మీది బొగ్గుదుమ్మును రోజూ తడిగుడ్డతో తుడిచింది. మొక్క బెత్తెడు ఎదిగాక తల తుంచాలట, అప్పుడే పక్కకొమ్మలు వేస్తుందట. పుష్పలతకు చెయ్యి రాలేదు.

ఆ పని పక్క క్వార్టర్ నిర్మలాదేవి గారు చేసిపెట్టారు. పిలవకుండానే! మొదటి మొగ్గ కనిపించింది మొదలు, రోజూ వాకింగ్‌కు వస్తూ గోడ మీంచి చెయ్యి చాపి, కవర్ నింపుకుని వెళ్తున్నారు.

ఇంతకంటే సేవ ఏముంటుంది? కొమ్మ కోస్తేనే కొత్త కొమ్మ వస్తుంది. వాడిన పూలు ఏరే బాధ లేదు, వాడేదాకా ఏదీ ఉండదు కాబట్టి. పైగా దేవుడికి కోస్తే దొంగతనం కాదన్నది కాలనీ అంతా ఒప్పుకున్న చట్టం!

పుష్పలత ఒకసారి ధైర్యం చేసి అడిగింది. నిర్మలాదేవి గారు నొచ్చుకోలేదు. "పుణ్యం నీకే కదమ్మా, నేను ఉత్త కోసే మనిషిని" అన్నారు.

చిక్కల్లా ఒక్కటే. ఆదివారం దుమ్ముగూడెం నుంచి పుష్పలత తల్లి బాలి వస్తోంది. బుగ్గలు నొక్కితే నోరు తెరిచే పువ్వుందని కూతురు నెలరోజులుగా ఫోన్‌లో ఊరిస్తోంది మరి. అదృష్టం కొద్దీ శనివారం సాయంత్రానికి ఎర్రకొమ్మ ఒకటి కింది నుంచి పైదాకా విచ్చుకుంది. పుష్పలత దానికి పాత చీర కప్పి పడుకుంది.

పొద్దున లేచేసరికి చీర నాలుగు మడతలు పెట్టి గోడ మీద ఉంది.

"ఏదే, గా నోరు తెరిచే పువ్వు?" బస్సు దిగి వచ్చిన బాలి సంచి కూడా దించలేదు.

"పక్కింట్ల ఉన్నది. నడువు యాడీ, చూపిస్త" అని పుష్పలత తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

నిర్మలాదేవి గారి దేవుడి గదిలో ఎర్రకొమ్మ నిలువునా నవ్వుతోంది. బాలి ఆశగా రెండు వేళ్ళూ చాపింది. దేవుడికి పెట్టిన పువ్వు ముట్టుకోకూడదని చెప్పి, నిర్మలాదేవి గారు ఆ చేతిలోనే ప్రసాదం పెట్టారు.

"మీ అమ్మాయికి కాస్త చెప్పండి వదినగారూ, వాకిలి ఎప్పుడూ బోసిగా ఉంటుంది. నాలుగు పూలమొక్కలైనా వేసుకోవద్దూ?"

పాఠకులారా, బుగ్గ నొక్కకుండానే బాలి నోరు తెరుచుకుంది.