ఎనభై దాటని బండి

ఆ ఉదయం తేజశ్రీ అనుకున్నది చిన్న పనే. పాపకు పాలిచ్చి, అత్త ఒళ్లో పెట్టి, ఎలక్ట్రిక్ బండి మీద సత్తెనపల్లి వెళ్లి, ఓపెన్ స్కూల్ పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి రావాలి. పెళ్లితో ఆగిపోయిన చదువది. ఆ వేళకు బస్సు లేదు. ఊళ్లో ఆటోలన్నీ మిరప కోతల కూలీలను ఎక్కించుకుని తెల్లారకముందే వెళ్లిపోతాయి.

"ఈ ఒక్కరోజుకీ నిండా ఛార్జింగ్ పెట్టండీ," అని మొగుణ్ణి బతిమాలింది.

"నిండా పెడితే బ్యాటరీ ఆయుష్షు పోద్దే! ఎనభై శాతం దాటకూడదు, ఇరవైకి దిగకూడదు," అన్నాడు రాఘవ. బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో పొద్దునా సాయంత్రం ఫోన్లో చూసుకుంటాడు. పాపకు జ్వరమొస్తే మాత్రం నుదుటి మీద చెయ్యేసి, "ఏం లేదులే," అంటాడు.

"దూరం వెళ్లేటప్పుడు నిండా పెట్టుకోవచ్చని బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉందండీ."

"ఇంకో బ్యాటరీ అమ్ముకోవాలని కంపెనీవాడికి ఉండదా?"

ప్లగ్ పెట్టి, "ఎనభైకి తీసెయ్ నాన్నా," అని తండ్రి బుల్లయ్యకు చెప్పి రాఘవ నడిచి కల్లానికి వెళ్లాడు. బుల్లయ్య జీవితమంతా మిరపకాయలు అమ్మిన మనిషి. మిర్చి యార్డులో బస్తాకు తరుగు తీసినట్టు ఇక్కడా కాస్త తీసి, "డెబ్బైకి పీకెయ్యవే," అని భార్యకు అప్పగించాడు. కనకలక్ష్మి అరవైకే పీకేసింది. "కడుపైనా బ్యాటరీ అయినా వెలితిగా ఉంటేనే మంచిది," అంది. కోడలి కంచం దగ్గర కూడా ఆవిడ సూత్రం అదే.

రాఘవ తిరిగొచ్చి, ప్లగ్ ఊడి ఉంది కాబట్టి ఎనభై అయ్యిందనుకుని, బండి మీద మిరప బస్తా వేసుకుని కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్లొచ్చాడు. వచ్చేసరికి తేజశ్రీ హాల్ టికెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మీటరు ముప్పై చూపిస్తోంది.

"నేను ఎనభై అన్నా గదా!"

"నేను డెబ్బై అన్నా. అరవైకి పీకింది మీ అమ్మ!"

"ఆ, నా మీదకే తొయ్యండి!"

ముగ్గురూ బ్యాటరీ మేలు కోరినవాళ్లే కాబట్టి తప్పెవరిదో తేలలేదు. పరీక్ష వేళ మాత్రం ముంచుకొచ్చింది. "నువ్వు తోలితే ఛార్జింగ్ తినేస్తది," అంటూ రాఘవే ఆమెను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు.

సగం దారిలో సాల్మన్ టీకొట్టు ముందు బండి ఆపాడు.

"ఏమైందండీ?"

"ఇరవై."

"బండి నడుస్తానే ఉందిగా!"

"నడుస్తది. దాని ఆయుష్షో?" అని కొట్టువైపు తిరిగాడు. "సాల్మనూ, ప్లగ్గుందా?"

"ప్లగ్గుందన్నా, కరెంటే లేదు. వచ్చేదాకా టీ తాగు."

రాఘవ నిజంగానే బల్ల మీద కూర్చున్నాడు. టీ వచ్చింది, అయిపోయింది. కరెంటు రాలేదు. అతను రెండో టీ చెబుతుండగా తేజశ్రీ బండెక్కి తాళం తిప్పింది.

"ఒసేయ్, ఇరవైకి దిగకూడదే!" అన్న కేక దారి మలుపు దాకా వినిపించింది.

బండి ఎక్కడా ఆగకుండా పరీక్షా కేంద్రానికి చేర్చింది. మీటరు మీద ఇంకా పదకొండు ఉంది. గేటు మాత్రం మూసేశారు.

"అరగంట దాటిందమ్మా, రానివ్వరు," అన్నాడు వాచ్‌మన్.

తేజశ్రీ ఊచలు పట్టుకుని అక్కడే ఎండలో నిలబడింది. పాపకు పాల వేళయి జాకెట్టు తడిసింది.

సత్తెనపల్లిలోనే కాస్త ఛార్జింగ్ పెట్టుకుని, దారిలో రాఘవను ఎక్కించుకుని ఆమె ఇల్లు చేరింది. సాయంత్రం ఇంటిల్లిపాదీ బండి చుట్టూ చేరారు. పరీక్ష సంగతి ఎవరూ అడగలేదు. "పదకొండుకి దించిందంటరా!" అని కనకలక్ష్మి బుగ్గలు నొక్కుకుంది. రాఘవ భయపడుతూనే ఫోన్ తెరిచాడు. మెల్లగా అతని మొహం విప్పారింది.

"ఆరోగ్యం నూరే ఉందే! ఒక్కరోజుకి ఏమీ కాదన్నమాట!"

ఆ ఏడు ఆ ఇంట్లో నూటికి నూరు తెచ్చుకున్నది బ్యాటరీ ఒక్కటే.